ఎడమదా, కుడిదా

రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కుర్చీ వెనక్కి జరిపి చూసినా అంతే, ముందుకి జరిపి చూసినా అంతే, ఒక కన్ను మూసుకుని చూసినా అంతే. అదే నల్లటి అంచు, అవే సన్నటి కాళ్ళు, ఆఖరికి రెండిటి మీదా ఒకే బొమ్మ. చీకటిగా ఉన్న ఏదో పాడుపడ్డ గోదాంలో నల్లబట్టల మనిషి ఒకడు తుపాకీ పట్టుకుని పరిగెడుతున్నాడు, ఎడమ దాంట్లో ఎటు పరిగెడితే కుడి దాంట్లోనూ అటే పరిగెడుతున్నాడు, ఒకడు చస్తే రెండోవాడూ చస్తున్నాడు, మళ్ళీ ఇద్దరూ కలిసే లేస్తున్నారు. త్రిమూర్తులు ముప్ఫై అయిదేళ్ళుగా గోదావరి మీద వల వేస్తున్నవాడు. రెండు జెల్లచేపల్ని పక్కపక్కన పెడితే ఏది బ్యారేజీకి ఎగువన పడిందో ఏది దిగువన పడిందో చెప్పగలడని ధవళేశ్వరం రేవులో అతనికి పేరు. అలాంటివాడు ఇప్పుడు రాజమండ్రిలో ఒక కంప్యూటర్ల షాపు మేడ మీద, ఏసీ గదిలో, రెండు మానిటర్ల ముందు కూర్చుని, ప్రశ్న అర్థం కాని పిల్లాడిలా అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

షాపులో అమ్మకాలు చూసే ఫిన్నీ మంచివాడే. ముప్ఫై ఏళ్ళుంటాయి, మెడలో కార్డు, కళ్ళజోడు, మాట మాటకీ అండి. కూతురు రాసిచ్చిన కాగితం చూపించగానే మంచి సెలెక్షనండి అని రెండిటినీ లోపలినుంచి తెచ్చి, ఒకే కంప్యూటర్‌కి రెండు వైర్లు తగిలించి, ఒకే ఆట దానంతటదే నడిచేలా పెట్టి వదిలాడు. సైజు ఒకటే, ధర ఒకటే, వారంటీ ఒకటే. మరి తేడా ఏంటి బాబూ అంటే ఓపిగ్గా చెప్పాడు. ప్యానెల్ అన్నాడు, హెర్ట్జులన్నాడు, మిల్లీసెకన్లన్నాడు, చెప్పినంతసేపూ త్రిమూర్తులు తల ఊపాడు, ఊపడం ఎక్కడ ఆపాలో తెలీక ఇంకా కాసేపు ఊపాడు. చివర్లో ఫిన్నీ, "మీరు ఏది తీసుకున్నా తప్పు లేదండి," అన్నాడు. ఆ ముక్క ఒక్కటే త్రిమూర్తులికి అర్థమైంది, అదే నమ్మబుద్ధి కాలేదు. తప్పు లేదనుకుని చేసిన పని ఎలా తిరగబడుతుందో ఈ మధ్యనే చూశాడు. "ఇవి తప్ప ఇంక పీసుల్లేవండి. కాకినాడ పార్టీ ఒకాయన రెంట్లో ఏదైనా సరే పంపెయ్యమన్నారండి. నాలుగింటికి ట్రాన్స్‌పోర్టు ఆటో వచ్చేస్తుంది. మీకేది కావాలో చెప్పేస్తే రెండోది దాంట్లో వేసేస్తానండి," అని చెప్పి ఫిన్నీ కిందకి దిగిపోయాడు. గోడ గడియారంలో మూడూ అయిదయింది.

కాగితం జేబులోంచి తీసి మళ్ళీ చూసుకున్నాడు. లక్ష్మీదుర్గ చేతిరాత అచ్చువేసినట్టుంటుంది, డిగ్రీ మూడో ఏడు చదువుతున్నా ఇంకా కాపీరైటింగు పుస్తకంలో రాసినట్టే గుండ్రంగా రాస్తుంది. రెండు పేర్లు, వాటి పక్కన అంకెలు, అంతే. ఇదివరకు ఏదన్నా తెమ్మని రాస్తే కింద మర్చిపోకు నాన్నా అని ఉండేది. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది. పొద్దున్న ఈ కాగితాన్ని చేతికి కూడా ఇవ్వలేదు, అతని చద్దన్నం గిన్నె పక్కన పెట్టి, ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా దాని మీద పెట్టి, బ్యాగు తగిలించుకుంది. వీటిలో ఏది తేనమ్మా అంటే, చెప్పులు వేసుకుంటూ, ఏదైనా ఒకటే, నీ ఇష్టం, అంది. నీ ఇష్టం అన్న మాట వింటే త్రిమూర్తులికి వెన్నులో చలి పుడుతుంది. పెళ్ళయిన కొత్తలో భార్య తలుపులమ్మ ఆ మాట అంటే, పాపం, నిజంగా తన ఇష్టమే అనుకుని, పాత నావ ఇచ్చేసి కొత్త నావ తెచ్చాడు. మూడు నెలలు ఆ ఇంట్లో కూరకి ఉప్పు కుదరలేదు. ఆ మాటకి అర్థం నువ్వే తేల్చుకో అని కాదు, తప్పు చేస్తే అది నీ నెత్తినే ఉంటుంది అని. తల్లి దగ్గర కూతురు అన్నీ నేర్చుకోలేదు, చేప కొయ్యడం నేర్చుకోలేదు, గంప ఎత్తడం నేర్చుకోలేదు, ఇది మాత్రం అచ్చు అలాగే వచ్చింది.

ఆదివారం లోపల ఈ రెంట్లో ఒకటి ఇంటికి చేరాలి. ఆన్‌లైన్లో పెడితే మంగళవారానికి గానీ రాదట. ఆదివారం దుర్గకి ఆట ఉంది. అయిదుగురు ఆడపిల్లల జట్టు, ఒకరు విశాఖపట్నంలో, ఒకరు నెల్లూరులో, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే గదిలో ఉన్నట్టు మాట్లాడుకుంటూ ఆడతారు. జట్టుకి పెద్ద పావని అని విశాఖపట్నం అమ్మాయి. దసరా నాడు పెద్ద పోటీలో దుర్గ ఆడలేకపోయింది, అదీ అతని వల్లే. ఆమె చోట్లో ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. ఆ అమ్మాయి కుదురుకోలేదో ఏమో, మొన్న పావని ఫోన్ చేసి, ఆదివారం ఒక్కసారి ఆడి చూపించు, బాగుంటే నీ చోటు నీదే, లేకపోతే ఇంక అనుకోకు అందట. ఇది దుర్గ అతనికి చెప్పలేదు, తల్లికి చెప్పింది, తల్లి గంప దించుకుంటూ అతనికి చెప్పింది. పదిహేను రోజులుగా ఆ ఇంట్లో తండ్రి మాట కూతురికి, కూతురి మాట తండ్రికి తలుపులమ్మే మోస్తోంది. ఆవిడకీ విసుగొచ్చి, "నేనేమన్నా పోస్టాఫీసునేంటి? మీరూ మీరూ మాట్లాడుకోండి," అని నిన్న ఇద్దర్నీ కలిపి కసిరింది. ఇవాళ దుర్గకి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష, మూడున్నరకి అయిపోతుంది. ఫోన్ చెయ్యొచ్చు, చేసి అడగొచ్చు. కానీ ఏమని మొదలుపెట్టాలి? కన్నకూతురికి ఫోన్ చెయ్యడానికి మొదటి మాట వెతుక్కోవలసిన రోజు వస్తుందని అతను కల్లో కూడా అనుకోలేదు.

నల్లబట్టల మనిషి మళ్ళీ చచ్చాడు, మళ్ళీ లేచాడు. ఈ ఆట అతనికి కొత్త కాదు, నాలుగేళ్ళుగా ఇంట్లో ఆ తుపాకుల చప్పుడు వింటున్నాడు, నాలుగేళ్ళుగా దాని మీద ఒంటికాలి మీద లేస్తున్నాడు. వైఫై డబ్బా పీకి నావలో దాచాడు ఒకసారి. స్కాలర్‌షిప్ డబ్బులతో దుర్గ ఒక పాత మానిటర్ ఎవరి దగ్గరో కొనుక్కుని ఆటోలో తెచ్చుకుంటే, గుమ్మం దగ్గరే నిలబెట్టి, చదువుకోవడానికా బొమ్మలు కాల్చడానికా అని వీధి వినేలా అరిచాడు. అది గుమ్మంలో ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది తప్ప ఒక్క మాట అనలేదు, అనకుండానే గెలిచింది. తర్వాత తర్వాత అరవడం అలవాటుగా మిగిలింది గానీ అరుపులో బలం పోయింది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ తెలీనట్టే ఉండేవాళ్ళు.

ఈ ఏడు వానాకాలంలో, బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసి నావలన్నీ కట్టెయ్యమన్న రోజుల్లో, అతను పని లేక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. గోదావరి ఎర్రగా, చెట్ల మొదళ్ళు మోసుకుంటూ పోతోంది. మధ్యాహ్నం పూట దుర్గ గది తలుపు తీసి ఉంటే, తిట్టడానికే అనుకుని వెళ్ళి, వెనక నిలబడ్డాడు. చెవులకి ఆ పెద్ద హెడ్‌ఫోన్లు, అతను వచ్చినట్టు దానికి తెలీదు. కదలడం లేదు. తెర మీద ఒక గోడ, గోడ పక్కన చీకటి, అంతే. అది ఆ చీకటినే చూస్తోంది. వీపు నిటారుగా, ఊపిరి కూడా బిగపట్టుకుని, కుడి మణికట్టు ఒక్కటే వదులుగా. ఎంతసేపని? అతనికే కాళ్ళు పీకాయి. అప్పుడు ఆ చీకట్లో ఏదో ఇంత కదిలింది, అతని కంటికి ఆనే లోపలే దుర్గ మణికట్టు ఒక్కసారి తిరిగింది, అయిపోయింది, హెడ్‌ఫోన్లలోంచి నలుగురు అమ్మాయిల కేకలు బయటికి వినిపించాయి. త్రిమూర్తులు తిట్టడం మర్చిపోయి తలుపు పక్కనే నిలబడిపోయాడు. ఆ నిలబడటం అతనికి తెలుసు. మోచేతి మీద వల మడతలు వేసుకుని, నావ కొస మీద కాళ్ళు ఎడంగా పెట్టి, నీళ్ళు ఇంత కదిలేదాకా ఊపిరి పట్టి నిలబడటం, వదిలే క్షణం దాకా మణికట్టుని వదులుగా ఉంచుకోవడం, అదే కదా తను చేసేది. అది తన పని చేస్తోంది. తను నేర్పకుండా, తను తిడుతూ ఉండగా, తన పనే చేస్తోంది. ఆ రోజు గుండె నిండిపోయింది అతనికి. ఎవరికీ చెప్పలేదు. తలుపులమ్మకి కూడా చెప్పలేదు, చెబితే ఆవిడ నవ్వి, ఇంతకాలం మరి ఎందుకు అరిచావయ్యా అంటుంది.

చెప్పలేదు గానీ మనసులో పెట్టుకున్నాడు. పెట్టుకుని దసరాకి బయటపెట్టాడు, ఎలా బయటపెట్టాడో తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయుధపూజ నాడు పొద్దున్నే నావ కడిగాడు, ఇంజనుకి బొట్టు పెట్టాడు, వలలకి పసుపునీళ్ళు చల్లాడు, తెడ్లకి, తక్కెడకి, తలుపులమ్మ చేపలు కోసే కత్తిపీటకి కూడా కుంకం పెట్టాడు. ఇంటికొస్తుంటే అనిపించింది, ఇంట్లో ఇంకో మనిషి పనిచేస్తోంది, ఆ పనిముట్టు మాత్రం ఏం పాపం చేసింది? దుర్గ స్నానానికి వెళ్ళింది. త్రిమూర్తులు మరీ అంత తెలివితక్కువవాడేం కాదు, కరెంటు వస్తువుకి నీళ్ళు తగలకూడదని తెలుసు, ప్లగ్గు పీకాడు, పసుపు గుడ్డని గట్టిగా పిండి తెర తుడిచాడు, పై అంచు మధ్యలో గంధం పెట్టి దాని మీద కుంకం పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ ఈ ఏసీ గదిలో ఉండేవాడు కాదు. కొబ్బరికాయ కొట్టాడు. కొట్టాక, ఏటా ఇంజను మీద చిలకరించినట్టే, చేత్తో ఆ కొబ్బరినీళ్ళు మూడుసార్లు చిలకరించాడు. ఇంజను పాతికేళ్ళుగా ఆ నీళ్ళు తాగి బాగానే నడుస్తోంది మరి. ఈ నీళ్ళు తెర మీంచి జారి, అడుగు అంచు సందులోకి చల్లగా దిగిపోయాయి. సాయంత్రం పోటీ ముందు దుర్గ స్విచ్ వేస్తే నాలుగు రంగుల గీతలొచ్చాయి, ఆ తర్వాత ఏమీ రాలేదు. మర్నాడు రిపేరు చేసే అతను విప్పి చూసి, "ఏం పోశారండి దీనికి? లోపల చీమలున్నాయండి," అన్నాడు.

దుర్గ ఏడవలేదు, అదే కష్టమనిపించింది. ఆ సాయంత్రం తెర మీద ఆరిపోయిన పసుపు చారల్ని, కుంకాన్ని, గచ్చు మీద కొబ్బరి చెక్కల్ని చూసింది. అతను, మంచికే కదమ్మా చేశాను, అన్నాడు. అది అతనికేసి తిరిగి, "నన్నడగాలి కదా," అంది. "నాలుగేళ్ళు వద్దన్నావు, నన్నడగలేదు. ఇవాళ పూజ చేశావు, నన్నడగలేదు. అది నాది నాన్నా." ఆ తర్వాత లోపలికెళ్ళి పావనికి ఫోన్ చేసి రాలేనని చెప్పింది, కారణం మాత్రం చెప్పలేదు, కరెంటు పోయిందంది. తండ్రిని నలుగురిలో నవ్వులపాలు చెయ్యకూడదనుకుందో, తనే నవ్వులపాలవుతాననుకుందో అతనికి తెలీదు. ఈ పదిహేను రోజులూ త్రిమూర్తులు లోపల్లోపల వాదించుకుంటూనే ఉన్నాడు. అడగాలా? నావని అడిగి కడిగానా, వలని అడిగి పసుపు చల్లానా? తిట్టినప్పుడు ఊరుకుంది, దండం పెట్టినప్పుడు కోపం వచ్చిందా? ఏదో నా కూతురు పనికి కూడా దేవుడి చూపు ఉండాలనుకున్నాను, అంతకన్నా నేనేం చేశాను? రోజుకోసారి ఈ కేసు వేసుకుంటాడు, రోజూ తనే గెలుస్తాడు, గెలిచి కూడా అన్నం సయించదు.

మూడూ ఇరవై. ఎడమది, కుడిది. ఎడమది, కుడిది. రేవులో అప్పాజీ అయితే ఈపాటికి బొమ్మా బొరుసా వేసి లేచిపోయేవాడు. త్రిమూర్తులు చూపు ఊరికే వదిలేశాడు. ఏదో ఒకటి పట్టుకుని చూస్తే నీళ్ళలో ఏమీ కనిపించదు, చూపుని అలా వదిలేస్తే నీళ్ళే చూపిస్తాయి, కొత్తగా వలకొచ్చిన వాళ్ళకి అతను చెప్పే మొదటి సంగతి ఇదే. కాసేపటికి కనిపించింది. ముందు చీకటి. ఎడమ దాంట్లో గోదాం చీకటి చీకటిగా ఉంది, అమావాస్య నాడు లంక వెనకాల రేవులో ఉండేంత చీకటి. కుడి దాంట్లో అదే చీకటి కొంచెం వెలిసిపోయినట్టుంది, ఎవరో దాంట్లో చుక్క పాలు కలిపినట్టు. ఓహో అనుకుని కుర్చీ అంచుకి జరిగాడు. నల్లబట్టల మనిషి ఆ చీకట్లో ఒక స్తంభం వెనకనుంచి ఇంకో స్తంభం వెనక్కి పరిగెత్తాడు. కుడి దాంట్లో వాడు పరిగెత్తాడు, అంతే. ఎడమ దాంట్లో వాడి వెనకాల సన్నగా ఒక నల్లటి జీర సాగి, ఒక్క లిప్త ఉండి, చెదిరిపోయింది. మళ్ళీ పరిగెత్తేదాకా ఆగాడు. మళ్ళీ ఉంది. వాడు ఎటు తిరిగితే అటు, వాడి వెనకే, తోకలాగా.

త్రిమూర్తులు తెర మీదకి వంగాడు. ఇది తనకి తెలిసింది. చేప ఎప్పుడన్నా కనిపిస్తుందా ఎవరికైనా? కనిపించేది చేప వదిలిన గీత. నీళ్ళ మీద అలా సన్నగా సాగే ఆ జీరని చూసి, అది ఎంత వెడల్పుంది, ఎంత తొందరగా చెదురుతోంది అన్నదాన్నిబట్టి చేప ఏదో, ఎంతదో, ఎటు పోతోందో లెక్కగట్టి, దాని ముందుకి వల వెయ్యాలి. పిల్లాడిగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న భీమరాజు నావలో బోర్లా పడుకోబెట్టి, నీళ్ళకి కళ్ళు ఆనించి చూడమని నేర్పింది ఆ గీతనే. ముప్ఫై అయిదేళ్ళు ఇల్లు నడిచింది ఆ గీత మీదనే. ఇదిగో, ఏ ఊళ్ళోనో ఎవరో తెలివైనవాడు, మనిషి పరిగెడితే గీత కనిపించేలా ఈ తెర చేసిపెట్టాడు. రెండోదాంట్లో అది లేనే లేదు, ఉత్త మనిషి, ఎటు పోతాడో ఏం తెలుస్తుంది? దుర్గ చీకట్లోకి అలా కళ్ళార్పకుండా చూస్తుంటుంది కదా, ఈ గీత ఉంటే దానికి ఎంత తేలిక. తండ్రికి తెలిసిన విద్య కూతురి బల్ల మీదకి ఇన్నాళ్ళకి ఒక్కటి చేరబోతోంది. లేచి నిలబడి, మెట్ల దగ్గరికి వెళ్ళి ఫిన్నీని పిలిచాడు.

"చూసేశారాండి? ఏదండి?" అంటూ వచ్చాడు ఫిన్నీ.

"ఎడమదండి. దీనికీ దానికీ చాలా తేడా ఉందండి."

"ఆయ్, మీకు కనబడిందన్నమాట. చాలామందికి తెలీదండి. అయితే ప్యాక్ చేసేస్తాను." ఫిన్నీ వంగి వైరు పీకబోతూ నవ్వాడు. "అమ్మాయిగారికి చెప్పకండి సార్. తీసుకెళ్ళి బల్ల మీద పెట్టెయ్యండి, వచ్చి చూసుకుంటారు. వాళ్ళ మంచికే కదండి."

ఆ మాట దగ్గర త్రిమూర్తులు ఆగిపోయాడు. మంచికే కదా. ఇది తన మాటే, దసరా నాడు తన నోట్లోంచి వచ్చిందే, కానీ ఇప్పుడు ఇంకొకరి నోట వింటుంటే తనకన్నా ముందు ఇంకెవరో అన్నట్టుంది. ఎవరన్నారు? నాన్నే. పద్ధెనిమిదేళ్ళప్పుడు త్రిమూర్తులు మొదటిసారి సొంతంగా విసురువల అల్లుకున్నాడు, మూడు నెలలు, ప్రతి ముడీ తన చేత్తో. అంచుకి సీసం గుళ్ళు ఎన్ని కట్టాలో తన భుజాన్నిబట్టి, తన ఎత్తునిబట్టి తనే తేల్చుకున్నాడు. అది గాల్లో గుండ్రంగా విచ్చుకుని పడుతుంటే రేవులో పెద్దవాళ్ళు కూడా చూసేవాళ్ళు. ఒకరోజు పొద్దున్న విసిరితే వల విచ్చుకోలేదు, గుడ్డమూటలా పోయి నీళ్ళలో పడింది. తీసి చూస్తే అంచుకి ఇంకో ఇరవై గుళ్ళు. కొడుకు వల తొందరగా మునగాలని, నాన్న తను దాచుకున్న సీసం కరిగించి, తను కూర్చుని కట్టాడు. ఎందుకు ముట్టుకున్నావని నావలో నిలబడి అరిచాడు త్రిమూర్తులు. నీ మంచికే కదరా, అన్నాడు నాన్న, చేతులు రెండూ పక్కకి వేలాడేసి. ఆ ఇరవై గుళ్ళూ విప్పి నాన్న ముందు కుప్ప పోశాడు తను. రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. నాన్న పోయి పదేళ్ళయింది, ఈ సంగతి గుర్తొచ్చి ఎన్నేళ్ళయిందో తెలీదు, ఆ గుళ్ళు నేల మీద దొర్లిన చప్పుడు ఇప్పుడు ఈ ఏసీ గదిలో వినిపించింది. నాన్న మీద జాలి వేసింది. కానీ వల తనది, ఆ సంగతి ఇప్పటికీ అంతే. ఈ పదిహేను రోజుల్లో మొదటిసారి త్రిమూర్తులు తన కేసులో తనే ఓడిపోయాడు.

"ఉండండి బాబూ. వైరు పీకకండి," అన్నాడు. గడియారంలో మూడూ నలభై రెండు. ఫోన్ తీసి, మొదటి మాట ఇంకా దొరక్కుండానే నొక్కేశాడు.

నాలుగోసారి మోగాక ఎత్తింది. వెనకాల బస్సు హారన్లు, ఆడపిల్లల గోల. "ఏంటి," అంది. నాన్నా అనలేదు.

"నేనమ్మా. షాపులో ఉన్నాను."

"తీసుకున్నావా?"

"లేదు. నాకు ఒకటి నచ్చింది. కానీ ఆడేది నువ్వు. నువ్వు చెప్పు."

"రెంట్లో ఏదైనా ఒకటేనని చెప్పాను కదా."

"ఒకటి కాదమ్మా, పక్కపక్కన పెట్టి చూశాను. తేడా ఉంది. నీకు ఎలాంటిది కావాలో నాకు తెలీదు. అందుకని అడుగుతున్నాను."

చాలాసేపు అవతల బస్సుల చప్పుడే వినిపించింది. పెట్టేసిందేమోనని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాడు, పెట్టెయ్యలేదు. "నన్నడుగుతున్నావా?" అంది, గొంతు తగ్గించి.

"ఆ రోజు అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే. ఇప్పుడు అడుగుతున్నాను."

ఈ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూసి అతనికే ఆశ్చర్యం వేసింది. ఫిన్నీ మర్యాదగా అటు తిరిగి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. దుర్గ ఏదో పక్కకి వచ్చినట్టుంది, వెనక గోల తగ్గింది. "సరే. ఏం తేడా కనబడింది? నేను ఫోటోల్లో చూశాను గానీ ఎదురుగా చూడలేదు. ఉన్నదున్నట్టు చెప్పు," అంది. చెప్పాడు. ఎడమ దాంట్లో చీకటి చిక్కగా ఉందని, కుడి దాంట్లో పాలు కలిసినట్టుందని చెప్పాడు. ఊ, ఇంకా, అంది. రంగులు రెండిట్లో ఎలా ఉన్నాయో చెప్పాడు. ఊ, ఇంకా. నాలుగేళ్ళలో ఇంతసేపు వాళ్ళిద్దరూ ఆ ఆట గురించి మాట్లాడుకున్నది లేదు. అసలు సంగతి చివరికి దాచుకుని, వల పైకి లాగుతున్నప్పుడు బరువు తెలిసినవాడిలా, చెప్పాడు. "ఎడమ దాంట్లో ఆ నల్లబట్టలవాడు చీకట్లో పరిగెడితే వాడి వెనకాల ఒక జీర కనిపిస్తోందమ్మా. తోకలాగ. చాలా బాగుంది. ఎటు పోతున్నాడో ఇట్టే తెలిసిపోతోంది. కుడి దానికి అది లేదు."

"తోక ఉందా?" అంది దుర్గ. ఆగి, "చాలా బాగుందా?" అంది. ఆ తర్వాత నవ్వింది. ఆపుకోబోయి ఆపుకోలేక వచ్చిన నవ్వు, దసరా ముందునుంచీ ఆ ఇంట్లో లేని నవ్వు. "నాన్నా, అది ఉండకూడదు. అది ఆ మానిటర్లో లోపం. కొన్నిటికి ఉంటుందని చదివాను, ఇప్పుడు వచ్చేవాటికి ఉండదని రాశారు. ఆ తోక ఉంటే మనిషి అంచు చెదిరిపోతుంది, వాడు ఎక్కడున్నాడో సరిగ్గా తెలీదు. నేను తోకని కాలుస్తాను, వాడు ముందుకి పోయి ఉంటాడు."

ముందుకే కదమ్మా కాల్చాలి, అని నాలిక చివరిదాకా వచ్చింది. గీతని చూసి గీత ముందుకి వెయ్యాలి, గీత మీద వెయ్యడం చేతకానివాళ్ళు చేసే పని, నేను నేర్పుతాను, నాలుగు రోజుల్లో నేర్పుతాను. ముప్ఫై అయిదేళ్ళు వరసగా నిలబడి అతని తరఫున సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. ఎడమదే మంచిదని అతనికి అనుమానం లేదు, దుర్గ ఇంత వివరంగా చెప్పినా లేదు. నోరు తెరిచాడు. మూశాడు. కింద వీధిలో ట్రాన్స్‌పోర్టు ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది.

"అయితే కుడిదా?" అని అడిగాడు.

"కుడిది. నీకు ఎడమది అంత నచ్చింది కదా, పరవాలేదా?"

"ఆడేది నువ్వమ్మా."

"కోటిపల్లి బస్టాండు దగ్గరున్నాను. అక్కడే ఉండు, వస్తున్నాను. అంత డబ్బా పట్టుకుని సిటీబస్సు నువ్వొక్కడివే ఎక్కలేవు. ఏదో ఒకటి కొట్టేస్తావు దారిలో," అంది. కసిరినట్టే అంది. తలుపులమ్మ అన్నట్టే అంది.

ఫోన్ జేబులో పెట్టుకుని త్రిమూర్తులు రెండు తెరల ముందూ నిలబడ్డాడు. ఎడమ దాంట్లో మనిషి చిక్కటి చీకట్లోంచి పరిగెత్తాడు, వాడి వెనక గీత సాగి, చెదిరింది. ఎంత బాగుందో. కుడి దాంట్లో ఉత్త మనిషే పరిగెత్తాడు. ఫిన్నీ చేతిలో గుడ్డతో ఇటు తిరిగి, ఎడమ దాని వైరు మీద చెయ్యి వేశాడు. "కట్టెయ్యమంటారాండి, ఎడమది?"

"కాదండి, కుడిది," అన్నాడు త్రిమూర్తులు. "మా అమ్మాయి చెప్పిందండి."